ఎదుటివాడు లేనిదే ఆట లేదు

మహాభారతమున రాజకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టమును పాఠము చెప్పని తెలుగు ఉపాధ్యాయుడు అరుదు. అర్జునుని నేర్పునకు సభ యంతయు అబ్బురపడుచున్న వేళ కర్ణుడు రంగమున ప్రవేశించినాడు. అర్జునుడు చూపిన విద్యలన్నియు తానును చూపినాడు. ద్వంద్వయుద్ధమునకు పిలిచినాడు. అప్పుడు కృపాచార్యుడు అడిగినది విలువిద్యను గూర్చి కాదు, వంశమును గూర్చి. కర్ణుడు తల వంచుకొన్నాడు. దుర్యోధనుడు అప్పటికప్పుడు అంగరాజ్యమిచ్చి అభిషేకించినాడు గాని ఇంతలో ప్రొద్దు గ్రుంకినది. పోటీ జరుగలేదు. రంగస్థలమున తేలవలసిన విషయము తేలకుండ మిగిలి, తుదకు కురుక్షేత్రమున రక్తపాతముతో తేలినది.

ఈ ఘట్టమును తరగతిలో చెప్పినప్పుడెల్ల నాకొక బాస్కెట్ బాల్ జట్టు జ్ఞాపకమునకు వచ్చును. అది మన దేశపు జట్టు కాదు. 1963వ సంవత్సరమున అమెరికాలో జాతీయ కళాశాల విజేతగా నిలిచిన చికాగో నగరపు లయోలా విశ్వవిద్యాలయ జట్టు అది. అక్కడ కూడ కృపాచార్యుని ప్రశ్నయే వచ్చినది. అయితే అక్కడ ప్రొద్దు గ్రుంకలేదు, ఆట జరిగినది. ఎట్లు జరిగినదో మన విద్యార్థులు తెలిసికొనదగినది.

లయోలా 1870లో జెస్యూట్ క్రైస్తవ గురువులు స్థాపించిన విద్యాసంస్థ. దాని శిక్షకుడు జార్జి ఐర్లండ్. ఆ కాలమున అమెరికా కళాశాల జట్లలో ఒక వ్రాయని కట్టుబాటు ఉండెడిది. నల్లజాతి ఆటగాండ్రు ఎంత మేటులైనను, ఒకేసారి ముగ్గురికి మించి మైదానమున దింపరాదనునది ఆ కట్టుబాటు. ఐర్లండ్ దానిని లెక్కచేయలేదు. ఆయన మొదటి అయిదుగురిలో నలుగురు నల్లజాతివారే. జట్టు నాయకుడు జెర్రీ హార్క్‌నెస్, రాన్ మిల్లర్ న్యూయార్కు నుండి వచ్చినవారు. లెస్ హంటర్, విక్ రౌస్ నాష్‌విల్ నగరమున నల్లవారికై వేరుగా ఉంచిన పెర్ల్ ఉన్నత పాఠశాలలో కలిసి చదివినవారు. అయిదవవాడు జాన్ ఈగన్, చికాగో దక్షిణ భాగమున పెరిగిన శ్వేతజాతి యువకుడు.

హార్క్‌నెస్ కథ ఒక్కటి చెప్పవలెను. బాల్యమున అతనికి కళాశాల చదువుమీద ఆశయే లేదు. ఒకనాడు హార్లెమ్‌లోని వ్యాయామశాలలో అతడు ఆడుచుండగా జాకీ రాబిన్సన్ చూచినాడు. 1947లో అమెరికా ప్రధాన బేస్‌బాల్ పోటీలలో వర్ణనిషేధమును ఛేదించిన మహావీరుడతడు. నీ ఆటకు కళాశాలలో విద్యార్థివేతనము దొరకవచ్చునని ఆయన అన్న మాట ఆ పిల్లవాని బ్రతుకు దారి మార్చినది. పెద్దవాని నోట వచ్చిన ఒక మంచి మాట ఎంత దూరము పోవునో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు.

1962-63 క్రీడాకాలమున లయోలా జట్టు మెరుపువలె ఆడినది. బంతి చేజిక్కిన తోడనే పరుగు, పరుగు ఆగకముందే బుట్టలోనికి విసురు. ఆ యేడు ఆటకు సగటున తొంబదికి పైగా పాయింట్లు చేసినది. కాని ఆ జట్టు ప్రయాణములు మాత్రము సుఖముగ సాగలేదు. దక్షిణ రాష్ట్రములకు పోయినప్పుడు నల్లజాతి ఆటగాండ్రకు తోడివారితో ఒకే హోటలులో చోటు దొరకెడిది కాదు. హ్యూస్టన్ నగరమున ప్రేక్షకులు దూషించుటయే గాక, నాణెములు, మంచుముక్కలు విసరినారు. హార్క్‌నెస్‌కు బెదిరింపు ఉత్తరములు వచ్చినవి.

మరియొక కష్టము లోపలినుండి వచ్చినది. క్రీడాకాలము నడుమ ఇద్దరు మంచి ఆటగాండ్రు చదువులో వెనుకబడినందున జట్టుకు దూరమైనారు. ఇక మిగిలిన ఆ అయిదుగురే ఆట యంతయు మోయవలసి వచ్చినది. అయినను మార్చి నెలకు జాతీయ పోటీలలో చోటు సంపాదించినారు. మొదటి ఆటలో టెనెసీ టెక్ జట్టును 111-42 తేడాతో ఓడించినారు. తరువాత ఎదురు రావలసినది మిసిసిపీ స్టేట్ విశ్వవిద్యాలయ జట్టు.

ఎదురు రావలసినదే గాని, వచ్చునో రాదో ఎవరికిని తెలియదు.

మిసిసిపీలో శ్వేతజాతి కళాశాలల జట్లు నల్లవారున్న జట్లతో ఆడరాదన్నది ఆనాటి ఆచారము. శాసనముగా ఎక్కడను వ్రాసి లేదు; శాసనమునకు మించి చెల్లెడిది. స్టార్క్‌విల్ పట్టణమునందలి ఈ విశ్వవిద్యాలయపు జట్టు సామాన్యమైనది కాదు. 1959, 1961, 1962 సంవత్సరములలో తన ప్రాంతీయ సంఘమున అగ్రస్థానము పొంది కూడ, ఈ ఆచారము వలననే మూడు పర్యాయములు జాతీయ పోటీలకు పోలేకపోయినది. దేశములో తమకు సాటి ఎవరో తెలిసికొనకుండనే ఆ ఆటగాండ్రు చదువు ముగించి ఇండ్లకు పోయినారు. కర్ణునికి జరిగిన అన్యాయమును మనము ఎరుగుదుము. ఆనాడు అర్జునునికి కూడ కొంత అన్యాయము జరిగినదని మనము ఆలోచింపము. ఎదుటివానిని పోటీకి తగడని త్రోసివేసినప్పుడు, తాను నిజముగా మేటియో కాదో తెలిసికొను భాగ్యమును కూడ మనిషి పోగొట్టుకొనును.

1963లో ఆ జట్టు మరల గెలిచినది. ఈసారి విశ్వవిద్యాలయ అధ్యక్షుడు డీన్ కొల్వార్డ్, జట్టు పోవునని ప్రకటించినాడు. అది ఎట్టి కాలమో గుర్తుంచుకొనవలెను. అంతకు ఆరు నెలల ముందే అదే రాష్ట్రమున మరియొక విశ్వవిద్యాలయములో జేమ్స్ మెరిడిత్ అను నల్లజాతి విద్యార్థి ప్రవేశింపగా అల్లరులు చెలరేగి ఇద్దరు ప్రాణములు కోల్పోయినారు. గవర్నరు రాస్ బార్నెట్ జాతులు కలిసి మెలగుటకు బద్ధవిరోధి. కొల్వార్డ్ నిర్ణయమును రాష్ట్ర విద్యామండలి ఓటువేసి ఆమోదించినను, ప్రత్యర్థులు న్యాయస్థానమునకు పోయి జట్టు రాష్ట్రము దాటరాదని నిషేధపుటుత్తరువు తెచ్చినారు.

ఉత్తరువు చేతికి అందినగదా కట్టుబడవలసినది! కొల్వార్డ్ ముందే రాష్ట్రము విడిచిపోయినాడు. శిక్షకుడు బేబ్ మెకార్తీ రాత్రికి రాత్రి కారులో పొరుగు రాష్ట్రమైన టెనెసీ చేరినాడు. మరునాటి ఉదయము ప్రధాన ఆటగాండ్రను వెనుక నిలిపి, ముందుగా ప్రత్యామ్నాయపు ఆటగాండ్రను విమానాశ్రయమునకు పంపినారు. అడ్డగించువారు లేరని తెలిసిన పిమ్మట అందరును విమానమెక్కినారు. ఇరువది యేండ్ల పిల్లలు ఒక బంతి ఆట ఆడుకొనుటకై దొంగలవలె ఇల్లు విడిచి పోవలసి వచ్చినది! నవ్వు పుట్టించు కథయే. నవ్విన తరువాత మనస్సు బరువెక్కును.

మార్చి 15వ తేదీన మిషిగన్ రాష్ట్రమున ఈస్ట్ లాన్సింగ్‌లో ఇరుజట్లు కలిసినవి. ఆటకు ముందు నాయకులిద్దరు మైదానము నడుమకు వచ్చినారు. మిసిసిపీ నాయకుడు జో డాన్ గోల్డ్ చేయి చాచినాడు. హార్క్‌నెస్ అందుకొన్నాడు. అంతలో ఛాయాగ్రాహకుల దీపములు గుప్పున మెరసినవి. ఆ వెలుగులు కన్నులబడిన పిమ్మటగాని, ఇది ఆటకు మించిన సంగతియని తనకు తట్టలేదని హార్క్‌నెస్ అటుపిమ్మట చెప్పుకొన్నాడు.

మిసిసిపీవారే ముందు విజృంభించినారు. మొదటి ఏడు పాయింట్లు వారివే. లయోలావారు తేరుకొని, విశ్రాంతి వేళకు ముందంజ వేసి, 61-51తో గెలిచినారు. ఇరుప్రక్కల వారును మర్యాదగా ఆడినారు. ఓడినవారు ఇంటికి పోయినారు. ఎవరి కొంపయు మునుగలేదు. ఇన్నియేండ్లుగా భయపెట్టిన ప్రమాదమంతయు ఇంతమాత్రమే!

మరునాడు ఇల్లినాయ్ జట్టును, వారము తరువాత ఉపాంత్య పోటీలో డ్యూక్ జట్టును ఓడించి, లయోలా మార్చి 23న లూయీవిల్ నగరమున అంతిమ పోటీకి నిలిచినది. ఎదుట సిన్సినాటి జట్టు. అంతకు ముందు రెండేండ్లును జాతీయ విజేత అదే. ఆనాడు ఇరుజట్లలోని మొదటి పదిమందిలో ఏడుగురు నల్లజాతివారు. అంతిమ పోటీలో అట్లు జరుగుట అదే ప్రథమము.

ఆ రాత్రి లయోలావారికి ఏ విసురును కలిసిరాలేదు. మొత్తము 84 విసురులలో రింగులో పడినవి 23 మాత్రమే. రెండవ భాగమున ఒక దశలో 45-30గా పదునైదు పాయింట్లు వెనుకబడినారు. మొదటి భాగమంతయు ఆడి హార్క్‌నెస్ ఒక్క పాయింటును చేయలేదు. ఇంకొక జట్టైన ఆశ వదలుకొనెడిది. వీరు వదలలేదు. ఎదుటివారు బంతిని నిలిపి కాలము గడుప జూడగా, వీరు వెంటబడి లాగుకొన్నారు. అంతరము క్రమముగా తరిగినది. ఇంకను పండ్రెండు సెకనులున్నవనగా సిన్సినాటివారికి 53-52 ఆధిక్యము, రెండు ఫ్రీ త్రోలు లభించినవి. మొదటిది పడినది, రెండవది తప్పినది. బంతి హంటర్ నుండి మిల్లర్‌కు, మిల్లర్ నుండి హార్క్‌నెస్‌కు చేరినది. నాలుగు సెకనులు మిగిలియుండగా హార్క్‌నెస్ విసరినది రింగులో పడి 54-54 అయినది.

అదనపు సమయమున కూడ 58-58గా సరిసమానము. చివరి నిమిషమున లయోలావారు బంతిని పట్టుకొని వేచినారు. చివరకు హార్క్‌నెస్ హంటర్‌కు అందించగా, హంటర్ విసురు రింగు తగిలి బయటపడినది. ఎగిరిన విక్ రౌస్ చేతులకు ఆ బంతి చిక్కినది. మరల లోనికి నెట్టినాడు. కాలము ముగిసినది. 60-58! చెప్పుకొనదగినది ఇంకొకటి కలదు. అదనపు సమయముతో కలిపి నలుబదియైదు నిమిషముల పాటు లయోలా ఒక్క ఆటగానినైనను మార్చలేదు. ఆ అయిదుగురే మొదటినుండి తుదివరకు ఆడినారు. 29 గెలుపులు, 2 ఓటములతో వారి క్రీడాకాలము ముగిసినది. అయిదుగురును పట్టభద్రులైనారు.

చరిత్ర పుస్తకములు రౌస్ వేసిన చివరి బుట్టను వ్రాసికొన్నవి. కాని కాలము గడచిన కొలది జనులకు ఎక్కువగా జ్ఞాపకమునకు వచ్చుచున్నది అంతిమ పోటీ కాదు. ఎనిమిది దినముల ముందు జరిగిన ఆ కరచాలనము.

అంతమాత్రమున లోకము మారిపోయినదని చెప్పుట సత్యము కాదు. మూడు నెలలు తిరుగకముందే, 1963 జూన్ 12న, అదే మిసిసిపీ రాష్ట్రమున పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను ఇంటి ముంగిట కాల్చి చంపినారు. పౌరహక్కుల చట్టము 1964లో వచ్చినది. స్టార్క్‌విల్ విశ్వవిద్యాలయములో మొదటి నల్లజాతి విద్యార్థి రిచర్డ్ హోమ్స్ అడుగుపెట్టినది 1965లో. వేలకొలది జనులు దెబ్బలు తిని, చెరసాలలకు పోయి సాధించిన మార్పు అది. ఒక ఆట సాధించినది కాదు. అయితే ఒకసారి ఒకే మైదానమున, ఒకే నియమములకు లోబడి ఆడినవారు, ఎదుటివాడు తనకు సాటి కాడని మరల అనలేరు.

ఇంత వ్రాయుటకు నాకొక స్వంత కారణము కలదు. మా ఉన్నత పాఠశాల వాలీబాల్ జట్టులో పల్లెవైపు నుండి వచ్చు పిల్లలు ఇద్దరుండిరి. మాలో మంచి ఆటగాండ్రు వారే. ఒక పొరుగూరి పోటీకి పోవలసి వచ్చినప్పుడు, అక్కడివారు ఆ ఇద్దరున్నచో ఆడమని కబురంపినారు. మా పెద్దలు తగవెందుకని ఆ ఇద్దరిని ఆపివేసినారు. వారిలో ఒకని స్థానమున నన్ను నిలిపినారు. మేము గెలిచినాము. తలకొక స్టీలు గ్లాసు బహుమతిగా ఇచ్చినారు. ఆ గ్లాసు మా యింట చాలకాలము ఉండెను. దానితో నీళ్లు త్రాగినప్పుడు ఎవరిది త్రాగుచున్నానో నాకు తెలియకపోలేదు. తెలిసియు ఎవరితోను అనలేదు. మిసిసిపీ పిల్లలు రహస్యముగా విమానమెక్కిన కథ పిమ్మట చదివినప్పుడు నాకు కలిగినది ఆశ్చర్యము కాదు, సిగ్గు.

2011లో జో డాన్ గోల్డ్ మరణించినాడు. హార్క్‌నెస్ ఆయన అంత్యక్రియలకు పోయినాడు. శవపేటిక ప్రక్కన ఆ కుటుంబమువారు ఉంచిన చిత్రమును చూచినాడు. అది 1963 నాటి కరచాలన చిత్రము. 2013లో అధ్యక్షుడు ఒబామా లయోలా ఆటగాండ్రను శ్వేతభవనమునకు ఆహ్వానించి గౌరవించినాడు. 2021లో హార్క్‌నెస్ కూడ కన్నుమూసినాడు.

పాఠశాలలు తెరచిన వెంటనే ప్రతి ఊరిలోను జట్లు ఏర్పడును. పేర్లు వ్రాసికొను కాగితము ఉపాధ్యాయుని చేతిలోనే ఉండును. కృపాచార్యుడు అడిగిన ప్రశ్నను ఆ కాగితము దగ్గర ఎవరో ఒకరు మెల్లగా అడుగుదురు. ఆ సమయమున ఉపాధ్యాయుడు ప్రొద్దు గ్రుంకనీయరాదు. ఆట జరుగనీయవలెను.