నౌక పోయినా సరే.. నిద్ర పోగొట్టుకోవద్దు!

డబ్బు కట్టక్కర్లేదు. ఖాతా తెరిస్తే చాలు, చేతిలో ఒక అంతరిక్ష నౌక! దాన్ని మనమే తీర్చిదిద్దుకోవచ్చు, మనమే యుద్ధానికి తీసుకెళ్లొచ్చు. వినటానికి బాగానే ఉంటుంది. కానీ ఇలాంటి ఆటల్లో ఏళ్ల తరబడి మునిగితేలినవాళ్ల మాటలు వింటే మరో సంగతీ తెలుస్తుంది. జేబులోంచి రూపాయి తీయకపోయినా నిద్ర, కళ్లు, చదువు, ఉద్యోగం రూపంలో మూల్యం చెల్లించాల్సి రావొచ్చు. అలాగని ఆటను తిట్టిపోస్తే సరిపోదు. అందులో ఏది మేలు చేస్తోంది, ఏది చెరుపు చేస్తోందన్నది విడదీసి చూడటం ముఖ్యం. ఆ పని ఆటగాళ్లే చాలావరకూ చేసి పెట్టారు!

‘ఇక కట్టేయరా’ అన్న మాట వినిపించని ఇల్లు ఇప్పుడు దాదాపు లేదు. పిల్లలే కాదు.. ఉద్యోగం నుంచి వచ్చి రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చునే పెద్దలూ తక్కువేం కాదు. అయితే ఆటలన్నీ ఒకే రకం కావు. రెండు నిమిషాల్లో ముగిసేవి కొన్ని. నెలల తరబడి కట్టుకుంటూ, కూల్చుకుంటూ సాగేవి కొన్ని. నౌకలు కట్టి పోరాడే అంతరిక్ష ఆటలు రెండో కోవకు చెందుతాయి. వీటిలో పాత కాపు ‘ఈవ్ ఆన్‌లైన్’.

ఏమిటీ ఆట?

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లోని సీసీపీ గేమ్స్ సంస్థ 2003 మేలో దీన్ని విడుదల చేసింది. మొదట్లో నెలనెలా చందా కట్టి ఆడేవారు. 2016 నవంబరు నుంచి ఫ్రీగానూ ఆడుకునే వీలు కల్పించారు. ఉచిత ఖాతాను ‘ఆల్ఫా’ అనీ, చందా ఖాతాను ‘ఒమేగా’ అనీ పిలుస్తారు. ఆటలోని నౌకలు చాలావరకూ ఆటగాళ్లు తయారుచేసినవే. గ్రహశకలాలను తవ్వి ఖనిజాలు తీయటం, వాటితో నౌకలు కట్టటం, సంతలో అమ్మటం, ఎవరికి నచ్చినట్టు వారు తుపాకులు, కవచాలు, ఇంజిన్లు అమర్చుకోవటం.. అన్నీ వాళ్లే చేస్తారు. ‘టైటాన్’ అనే అతిపెద్ద నౌకను కట్టాలంటే వారాలు పడుతుంది. ఇంతచేసీ యుద్ధంలో పేలిపోయిందంటే అది పోయినట్టే. మళ్లీ కొత్తది కట్టుకోవాల్సిందే.

2014 జనవరి 27న ఇందులో ఒక మహాయుద్ధం జరిగింది. ఒక ప్రాంతంపై పట్టు నిలుపుకోవటానికి కట్టాల్సిన రుసుము సమయానికి జమ కాకపోవటంతో ప్రత్యర్థులు విరుచుకుపడ్డారు. దాదాపు 21 గంటలు సాగిన ఆ పోరులో 75 టైటాన్లు నాశనమయ్యాయి. నష్టాన్ని నిజమైన డబ్బులో లెక్కిస్తే సుమారు 3 లక్షల డాలర్లని అంచనా వేశారు. ఒక ఆటలో 21 గంటలు! ఆరోగ్యం మీద దృష్టి పెట్టాల్సింది ఇక్కడే.

మెచ్చుకునేవి ఇవీ

ఆటగాళ్లు ముందుగా చెప్పేది కట్టటంలోని ఆనందం గురించే. బరువు, వేగం, కవచం, కరెంటు.. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతుంది. అన్నింటినీ తూచి చూసుకుంటూ నౌకను అమర్చుకోవాలి. అంతరిక్షంలో లెక్కల పద్దులు రాయటమేనని ఈ ఆటను ఆటగాళ్లే ఎగతాళి చేస్తుంటారు. ఎక్సెల్‌లో పట్టికలు వేసుకొని మరీ ఆడేవాళ్లున్నారు.

రెండోది స్నేహం. ఒక్కరే ఆడితే పెద్దగా ఏమీ సాధించలేరు. తవ్వేవాళ్లు, కట్టేవాళ్లు, పోరాడేవాళ్లు జట్టుగా ఉండాలి. దేశాలు దాటిన స్నేహాలు ఇలాగే ఏర్పడతాయి.

ఇవి మనసుకు నిజంగానే మేలు చేస్తాయా? చేస్తాయనే చెప్పుకోవచ్చు. నా ఇష్టప్రకారం చేస్తున్నాననే స్వేచ్ఛ, నాకు చేతనవుతోందనే నమ్మకం, నాకు నలుగురున్నారనే భరోసా.. మనసుకు ఈ మూడూ అవసరమన్నది రిచర్డ్ రయాన్, ఎడ్వర్డ్ డెసీల సిద్ధాంతం. రయాన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో వీడియో ఆటలు ఆకట్టుకోవటానికీ ఇవే కారణమని తేలింది. బయట ఈ మూడూ దొరకని కుర్రాడికి ఆటలో దొరుకుతుంటే ఏం చేస్తాడు? అక్కడే ఉండిపోతాడు. కాబట్టి ‘ఎంతసేపు ఆడుతున్నాడు?’ అనే కాదు, ‘బయట ఏం దొరకటం లేదు?’ అని కూడా అడగాలి.

తిట్టుకునేవి ఇవీ

ఇదే ఆటగాళ్లు మొహమాటం లేకుండా చెప్పే ఫిర్యాదులూ ఉన్నాయి.

మొదటిది ‘ఫ్రీ’ అన్న మాటే. ఉచిత ఖాతాకు కొన్ని నౌకలు, కొన్ని నైపుణ్యాలే అందుబాటులో ఉంటాయి. రుచి చూపించి ఊరించటమే తప్ప ఇది పూర్తి ఆట కాదన్నది చాలామంది మాట. ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సిన నైపుణ్యాలను డబ్బుతో దగ్గరి దారిలో పొందే వీలు 2016లో రావటంతో ‘డబ్బున్నవాడిదే గెలుపు’ అన్న విమర్శ ఇంకా పెరిగింది. అంతకుముందు 2011లోనూ అలంకరణ వస్తువుల ధరల మీద, డబ్బుతో బలం కొనుక్కునే పద్ధతి వస్తుందేమోనన్న అనుమానం మీద ఆగ్రహించిన ఆటగాళ్లు ఆటలోని ఒక స్మారక స్తంభాన్ని కాలుస్తూ నిరసన తెలిపారు!

రెండోది.. ఇది ఆటలా కాకుండా రెండో ఉద్యోగంలా తయారైందన్న బాధ. ‘సరదాగా మొదలుపెట్టాను, ఇప్పుడు డ్యూటీకి వెళ్తున్నట్టుంది’ అన్న అర్థం వచ్చే మాటలు పాత ఆటగాళ్ల నోట తరచూ వింటాం.

మూడోది అలారం. శత్రువు స్థావరం ఎప్పుడు దాడికి అందుబాటులోకి వస్తుందన్నది గడియారాన్ని బట్టి ఉంటుంది. అది వాళ్లకు అర్ధరాత్రి అయితే? అలారం పెట్టుకొని లేవటమే. ఇలాంటి దాడులకు ఆటగాళ్లు ‘అలారం క్లాక్’ పోరాటాలని పేరు కూడా పెట్టుకున్నారు.

మెదడులో ఏం జరుగుతుంది?

ఇంత తెలిసీ ఎందుకు మానలేరు? ఇది కేవలం బలహీనత కాదు. ఇందులో మన మనసు పనిచేసే తీరూ ఉంది.

మన చేత్తో చేసుకున్న వస్తువు మనకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. సొంతంగా బిగించుకున్న బల్లను కొన్న బల్ల కన్నా ఎక్కువగా చూసుకుంటాం. పరిశోధకులు 2012లో దీనికి ‘ఐకియా ప్రభావం’ అని పేరు పెట్టారు. గంటలకొద్దీ కట్టిన నౌక విషయంలోనూ ఇంతే.

పైగా రూపాయి దొరికిన సంతోషం కన్నా రూపాయి పోయిన బాధ పెద్దది. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్స్‌కీ 1979లో వివరించిన సంగతి ఇది. నౌక పేలిపోతే ‘ఇంకొక్కటి గెలిచి పడుకుంటా’ననిపించేది అందుకే.

వీటికి జట్టు బాధ్యత తోడవుతుంది. ‘నేను లేకపోతే మావాళ్లు ఓడిపోతారు’ అన్న ఆలోచన నిద్రను పక్కకు నెట్టేస్తుంది. పేకాటలో లేవబోయే మనిషిని ‘ఇంకొక్క ఆట’ అని కూర్చోబెట్టినట్టే! అంటే నౌక కట్టటం మీదున్న ఇష్టం వేరు. పోతుందన్న భయం, గడియారం, డబ్బు కలిసి వేసే ముడి వేరు. మనం విప్పాల్సింది ఆ ముడినే.

మనకు మరీ అర్ధరాత్రి

ఈ ఆట నడిచేది గ్రీనిచ్ కాలమానంతో. మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి 7 నుంచి 10 గంటల మధ్య పోరు జరిగితే ఇక్కడ అర్ధరాత్రి 12.30 నుంచి తెల్లవారుజామున 3.30. ఐరోపా జట్టులో చేరిన హైదరాబాద్, విశాఖ కుర్రాడికి సరదా అంతా మన నిద్ర వేళలోనే ఉంటుందన్నమాట.

పెద్దలకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. 13-18 ఏళ్ల పిల్లలకు 8-10 గంటలు అవసరం. ఇది తగ్గితే మర్నాడు చిరాకు, మతిమరుపు, తలనొప్పి వేధిస్తాయి. దీర్ఘకాలం ఇలాగే సాగితే బరువు పెరగటం, రక్తపోటు, మధుమేహం ముప్పూ పొంచి ఉంటుంది. పడుకునే ముందు తెర వెలుగు నిద్ర హార్మోన్ మెలటోనిన్‌ను తగ్గిస్తుంది. ఇక యుద్ధపు ఉద్వేగంతో వేగంగా కొట్టుకునే గుండె కంప్యూటర్ కట్టేయగానే నెమ్మదించదు.

ఆట రూపకల్పన మారితే నిద్రా బాగుపడుతుందనటానికి ఇదే ఆటలో ఒక ఉదాహరణ ఉంది. ఇందులో నైపుణ్యాలు నిజమైన సమయంతో పెరుగుతాయి. మనం ఆడకపోయినా శిక్షణ సాగుతుంది. కానీ మొదట్లో ఒకటి పూర్తవగానే లాగిన్ అయి తర్వాతి దాన్ని ఎంచుకోవాల్సి వచ్చేది. అది అర్ధరాత్రి పూర్తయితే మధ్యలో లేవటమో, సమయం వృథా చేసుకోవటమో! 2009లో నైపుణ్యాలను వరుసగా పేర్చి పెట్టుకునే వీలు వచ్చాక ఆ బాధ తప్పింది. ఇప్పుడు పడుకున్నా శిక్షణ సాగిపోతుంది. ఆటగాళ్లు మెచ్చుకునేవాటిలో ఇదొకటి.

ఇష్టమా? జబ్బా?

ఎక్కువగా ఆడేవాళ్లంతా రోగులు కారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ జబ్బుల జాబితా (ఐసీడీ-11) 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ‘గేమింగ్ డిజార్డర్’కు చోటిచ్చారు. దీనికి మూడు లక్షణాలు చూస్తారు.

* ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలన్నది చేతిలో లేకపోవటం.
* తిండి, చదువు, పని, మనుషుల కన్నా ఆటే ముఖ్యమైపోవటం.
* నష్టం జరుగుతోందని తెలిసినా కొనసాగించటం, ఇంకా పెంచటం.

వీటి మూలంగా కుటుంబం, చదువు, ఉద్యోగం బాగా దెబ్బతిని ఉండాలి. సాధారణంగా ఈ పరిస్థితి ఏడాదిపాటు కొనసాగితేనే జబ్బుగా నిర్ధరిస్తారు. తీవ్రంగా ఉంటే అంతకన్నా ముందే గుర్తించొచ్చు. కాబట్టి పరీక్షలయ్యాక వారం రోజులు విపరీతంగా ఆడిన పిల్లాడికి జబ్బు ముద్ర వేయొద్దు. అదే సమయంలో ఆట వెనక కుంగుబాటు, ఆందోళన, ఏకాగ్రత లోపం దాక్కుని ఉండొచ్చని మరవొద్దు.

ఏం చేయాలి?

* కట్టే సమయం మొదలుపెట్టకముందే మాట్లాడుకోండి. ఇలాంటి ఆటలకు కాసేపు ఆపే మీట ఉండదు. పోరు మధ్యలో బయటికొచ్చినా నౌక కొంతసేపు అక్కడే ఉండి శత్రువుకు దొరికిపోతుంది. అందుకే మధ్యలో ప్లగ్గు పీకితే గొడవలే మిగులుతాయి. ‘తొమ్మిదిన్నర తర్వాత కొత్త యుద్ధానికి వెళ్లొద్దు’ అని ముందే ఒప్పందం చేసుకోవటం మేలు.
* జట్టును ఎంచుకోండి. మన సాయంత్రం వేళల్లో ఆడే జట్లూ ఉంటాయి. అర్ధరాత్రి హాజరు తప్పనిసరి అనే జట్టుకు దూరంగా ఉండండి.
* నోటిఫికేషన్లు ఆపేయండి. ఫోన్‌ను పడకగదిలో పెట్టుకోవద్దు. నిద్ర లేవటానికి మామూలు అలారం గడియారం వాడుకోండి.
* కార్డు వివరాలు ఆటలో దాచిపెట్టొద్దు. ఓటీపీ పిల్లల చేతికి ఇవ్వొద్దు. పెద్దలైతే నెలకింత అని గీత గీసుకోండి. ఓడిన రోజున ఏమీ కొనొద్దు.
* కళ్లకు విరామమివ్వండి. తెర చూస్తున్నప్పుడు రెప్పలు ఆర్పటం తగ్గి కళ్లు పొడిబారతాయి. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడాలి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. పిల్లలు రోజూ కాసేపు ఆరుబయట గడిపితే హ్రస్వదృష్టి ముప్పు తగ్గుతుంది.
* ఆట గురించి అడగండి. ‘ఎప్పుడూ అదేనా?’ అనే బదులు ‘ఈరోజు ఏం కట్టావు నాన్నా? ఎలా కట్టావు?’ అని అడిగి చూడండి. చెప్పటం మొదలుపెడతాడు. ఏది ఇష్టమో, ఏది బాధపెడుతోందో ఆ మాటల్లోనే బయటపడుతుంది. కట్టటం ఇష్టమైనవాడికి ఎలక్ట్రానిక్స్ కిట్టో, రోబోటిక్స్ క్లబ్బో చూపించొచ్చు.

ఇవేవీ పనిచేయకపోతే మానసిక వైద్యులను కలవటానికి సిగ్గుపడొద్దు. ఆలోచనలు, అలవాట్ల తీరును మార్చే చికిత్స (సీబీటీ), కుటుంబ కౌన్సెలింగ్ ఉపయోగపడతాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో టెక్నాలజీ వ్యసనాల కోసమే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఆటలోనే ఆసరా

యుద్ధంలో నౌకకు దెబ్బ తగిలితే ఈ ఆటలో ఒక మీట నొక్కుతారు. ‘నన్ను బాగుచేయండి’ అన్న పిలుపు జట్టులో అందరికీ చేరుతుంది. మరమ్మతు నౌకలు వెంటనే అటు తిరుగుతాయి. ఆ పిలుపు పేరుతోనే ఆటగాళ్లు ‘బ్రాడ్‌కాస్ట్ ఫర్ రెప్స్’ అనే సహాయ బృందాన్ని ఏర్పాటు చేసుకున్నారు. మనసు కుంగిపోయిన తోటి ఆటగాళ్ల బాధ వినటం, సరైన సాయం వైపు నడిపించటం దీని పని. దెబ్బ తగిలినప్పుడు చెప్పుకోవటం పిరికితనం కాదనేది వాళ్ల నమ్మకం. ఇది మన ఇళ్లలోనూ నేర్చుకోవాల్సిన పాఠమే.

ఈ ఆటలోకి కొత్తగా వచ్చేవారికి పాతవారు ఒకే సూత్రం పదేపదే చెబుతారు.. పోగొట్టుకుంటే తట్టుకోలేని నౌకను యుద్ధానికి తీసుకెళ్లొద్దని. పేలినా మళ్లీ కట్టుకోగలిగిన నౌకనే ఎక్కమని దీనర్థం. నిద్ర, పరీక్ష, జీతం, ఇంట్లోవాళ్ల నమ్మకం.. ఇవి పోతే మళ్లీ కట్టుకోవటం అంత తేలిక కాదు. కాబట్టి వాటిని ఒడ్డున కట్టేసి, మిగిలినదాంతో హాయిగా ఆడుకోండి!