తూర్పారబట్టిన విజ్ఞానం

శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో ఏదైనా కనిపెట్టగానే అది నేరుగా పాఠ్యపుస్తకంలోకి ఎక్కేస్తుందని మనలో చాలామంది అనుకుంటాం. కానీ ఆ రెంటికీ మధ్య ఒక కళ్ళం ఉంది. దాని పేరు జర్నల్. మాది వ్యవసాయ కుటుంబం కాబట్టి నాకు ఈ పోలికే తోచింది. కుప్ప నూర్చినంత మాత్రాన గింజ గాదెకి చేరదు కదా! తూర్పారబట్టాలి, తాలు పోవాలి.

ఇక్కడ ఆ పని ఎలా జరుగుతుంది? పరిశోధకుడు తాను చేసిన ప్రయోగం, వచ్చిన లెక్కలు, తేలిన ఫలితం వ్యాసంగా రాసి జర్నల్ సంపాదకుడికి పంపుతాడు. తమకు తగనిదైతే సంపాదకుడే తిప్పి పంపేస్తాడు. పరవాలేదనిపిస్తే అదే శాఖలో పనిచేసే ఇద్దరు ముగ్గురు నిపుణులకి ఇస్తాడు. వీరు సాధారణంగా పైసా తీసుకోరు. వీరెవరో రచయితకి చాలాసార్లు తెలియదు కూడా. లెక్క సరిగ్గా ఉందా, ఋజువు చాలిందా, ఇదివరకే ఎవరైనా చేశారా అని చూస్తారు. చివరికి వచ్చే జవాబులు మూడు: వేస్తాం, దిద్ది పంపండి, వెయ్యం. ఇందుకు నెలలు పట్టవచ్చు, ఏడాదీ పట్టవచ్చు.

ఒక్కోసారి మంచి గింజ కూడా గాలికి పోతుంది. మనం బట్టీపట్టిన క్రెబ్స్ వలయం సంగతే చూడండి. 1937లో హాన్స్ క్రెబ్స్ దాన్ని 'నేచర్'కి పంపితే, ఇప్పటికే ఏడెనిమిది వారాలకి సరిపడా ఉత్తరాలున్నాయని తిప్పి పంపారు. ఆయన హాలెండులోని 'ఎంజైమోలోజియా'కి పంపాడు. ఆ ఏడే అచ్చయింది. 1953లో ఆ పనికే నోబెల్ బహుమతి వచ్చింది.

రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్‌ల అనుభవం ఇంకో రకం. ఇన్సులిన్ సూదిమందు తీసుకున్నవారి రక్తంలో దానికి ప్రతిరక్షకాలు పుడతాయని వారు రాస్తే 1955లో జర్నల్ ఒప్పుకోలేదు. శీర్షికలోంచి ఆ మాట తీసేశాకే 1956లో వేశారు. రక్తంలో హార్మోన్లని కొలిచే పద్ధతి ఆ పనిలోంచే పుట్టింది. 1977లో నోబెల్ ఉపన్యాసంలో యాలో ఆ తిరస్కార లేఖనే చూపించింది!

తాలు గింజల్లో కలిసిపోవటం అంతకన్నా ప్రమాదం. 1998లో 'లాన్సెట్'లో వచ్చిన ఒక వ్యాసం పన్నెండుమంది పిల్లల్ని చూపి, తట్టు వగైరాలకి వేసే టీకాని ఆటిజంతో ముడిపెట్టింది. 2010లో గాని జర్నల్ దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఈలోగా ఎందరు తల్లిదండ్రులు టీకాకి భయపడ్డారో!

ఇక అసలు తూర్పారబట్టని జర్నళ్ళూ ఉన్నాయి. డబ్బు కడితే చాలు, చదవకుండానే వేసేస్తాయి. 2018లో యు.జి.సి. తన జాబితాలోంచి 4,305 జర్నళ్ళని తొలగించింది. రంగుల సంచీ చూసి నకిలీ విత్తనం కొన్న రైతు ఏమౌతాడో మా ఊళ్ళో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. అలాంటి వ్యాసాన్ని నమ్మి ఒక పురుగుమందు పొలానికి వస్తే పోయేది రాసినవాడి పేరు కాదు, మా నాన్నలాంటివాళ్ళ పంట.

మిత్రులారా! మనలో కొందరు రేపు పరిశోధనకి వెళ్తాం. వ్యాసం తిరిగొస్తే సిగ్గుపడనక్కర్లేదు. నిపుణుడి మాట సరైనదైతే దిద్దుకుందాం, కాదనిపిస్తే ఋజువుతో జవాబు రాద్దాం, లేదా వేరే మంచి జర్నల్‌కి పంపుదాం. తొందరపడి డబ్బిచ్చి మాత్రం అచ్చు వేయించుకోవద్దు.