నక్క నేర్పిన ఉచ్చు

తినగా మిగిలిన ఎరను చిన్న గుంటలో దాచి, పైన మన్ను కప్పి, ముక్కుతో అదిమి పోవుట ఎఱ్ఱనక్కకు అలవాటు. ఆకలిదినమునకై అది చేసికొను పొదుపు ఇది. ఉత్తరామెరికాలో తోళ్ళకొఱకు వేటకాండ్రు పన్ను ఉచ్చులలో మిక్కిలి పేరుపడినది ఈ పొదుపునే అనుకరించును.

నేలలోనికి ఏటవాలుగా జేనెడు రంధ్రము త్రవ్వి, అడుగున మాంసపుముక్కను ఉంచుదురు. వెనుక గడ్డిదుబ్బు గాని రాయి గాని అడ్డుండుటచే నక్క ఎదుటనుండియే రావలెను. రంధ్రమునకు ముందు, ఒకింత ప్రక్కగా, ఉక్కుదవడల ఉచ్చును పాతి జల్లెడపట్టిన పొడిమన్ను చల్లుదురు. ఉచ్చు రవంతయు ఊగరాదు. పాదము క్రింద ఇనుము కదలినచో నక్క మరల ఆ చోటికి రాదు. మీటపలక క్రింద మన్ను చేరినచో అది దిగదు గనుక మైనపుకాగితము కప్పుదురు. ఉచ్చులను ముందే రంగుచెక్క వేసిన నీట ఉడికించి మైనము పట్టింతురు. చేతులకు తొడుగులుండవలెను. ఎరవాసన జంతువుల దారివైపు పోవునట్లు గాలి దిక్కును చూతురు. శీతకాలమున బొచ్చు దట్టమగును గాన వేటకు అదియే అదను.

మన ప్రబంధములలోని మృగయావర్ణనలకు కుక్కల మొఱుగులు, పందుల రౌద్రము శోభనిచ్చును. ఈ వేటలో కోలాహలమే లేదు. వేటగాడు ఇంట నిద్రించుచుండగా వేట జరిగిపోవును.

కష్టమంతయు అచ్చటనే యున్నది. ఈ ఉచ్చు చంపదు, కాలు పట్టి నిలుపును. కొన్ని మృగములు తమ కాలిని తామే కొఱికికొనును. గొలుసునకు తిరుగుడుకడియము వేయుట కాలు మెలిపడకుండుటకే. ఈ బాధను చూచిన కెనడా వేటగాడు ఫ్రాంక్ కోనిబేర్ మృగమును వెంటనే చంపు ఉచ్చును కల్పింపగా, 1950ల చివర అది అంగళ్ళకు వచ్చినది. ఇంగ్లండు 1958లో పాత దవడల ఉచ్చును నిషేధించినది. ఐరోపా సంఘము 1991లో కాలిఉచ్చుల నిషేధమునకు చట్టము చేసినది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిమృగములను ఉచ్చులతో పట్టుటను నేరముగా నెంచును.

అమెరికాలో మాత్రము పెక్కు రాష్ట్రములు అనుమతించుచునే యున్నవి. ఉచ్చును ఎన్ని గంటలకొకసారి చూడవలెనను నియమము ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరు: కొన్నిట ప్రతిదినము, కొన్నిట మూడుదినములకొకసారి.