పల్చటి రేకు... చల్లటి నాదం!

వయొలిన్ పలికేది ఒకటి, కంప్యూటర్లో వినిపించేది మరొకటి. ఇంట్లోనే రికార్డింగ్ చేసుకునే కళాకారులు చాలామందికి ఎదురయ్యే చిక్కే ఇది. దానికి ఓ మంచి విరుగుడు... వందేళ్ల వయసున్న రిబ్బన్ మైకు. ఒకప్పుడు పెద్ద స్టూడియోలకే పరిమితమైన ఆ మైకు ఇప్పుడు మధ్యతరగతి ఇంటికీ అందే ధరలో దొరుకుతోంది. కాకపోతే కొనేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి!

ఆన్‌లైన్ పోటీకి వర్ణం పంపాలి. తలుపులు మూశారు. ఫ్యాను ఆపారు. కాసేపు మిక్సీ వేయొద్దని పక్కింటివాళ్లను బతిమాలుకున్నారు. పాప శ్రద్ధగా వయొలిన్ వాయించింది. ఎదురుగా కూర్చుని విన్న నాయనమ్మకు కళ్లు చెమర్చాయి. తీరా రికార్డు చేసింది పెట్టుకుని వింటే... తీగల మీద కమాను గీసుకుంటున్న చప్పుడే తప్ప ఇందాకటి తీయదనం ఏదీ?

తప్పు పాపది కాదు, వయొలిన్‌దీ కాదు. చాలాసార్లు అది మైకు తెచ్చిన తంటా!

ఇంటి రికార్డింగుకు ఎక్కువమంది కొనేది చవకరకం కండెన్సర్ మైకు. మాట, పాట స్పష్టంగా వినపడాలని వీటిలో చాలావాటిని హై ఫ్రీక్వెన్సీ శబ్దాలను కాస్త ఎత్తి చూపేలా తయారుచేస్తారు. గొంతుకు మెరుపు తెచ్చే ఆ గుణమే వయొలిన్, నాదస్వరం, ట్రంపెట్, సాక్సోఫోన్ లాంటి వాద్యాలకు చేటు. వాటి ధ్వనిలో అసలే పదునెక్కువ. దాన్ని మైకు మరింత పెంచితే చెవిలో ముల్లు గుచ్చినట్టే ఉంటుంది. రిబ్బన్ మైకు అలా కాదు. పదును తగ్గిస్తుంది, నాదాన్ని నిండుగా వినిపిస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషి చెవికి ఎలా వినపడుతుందో దాదాపు అలాగే!

రేకే ప్రాణం

సైకిల్ డైనమో గుర్తుందా? అయస్కాంతం, దాని పక్కన తీగచుట్ట. రెంటిలో ఏది కదిలినా కరెంటు పుడుతుంది. రిబ్బన్ మైకుదీ అదే సూత్రం. బలమైన అయస్కాంతాల నడుమ సన్నటి అల్యూమినియం రేకు వేలాడుతూ ఉంటుంది. దాని మందం మామూలుగా 2 నుంచి 6 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే ఆ రేకు వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదన్నమాట. రొట్టెలు చుట్టిపెట్టే వంటింటి ఫాయిల్ కూడా దీనిముందు మందమే.

అంత తేలికైన రేకు కాబట్టి శబ్దానికి గాలి ఎలా కదిలితే తానూ అలాగే కదులుతుంది. ఆ కదలికే కరెంటుగా మారుతుంది. అయితే ఆ కరెంటు మరీ బలహీనం. అందుకే మైకు లోపలే ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాని వోల్టేజిని పెంచి బయటికి పంపుతుంది. రేకు, అయస్కాంతాలు, ట్రాన్స్‌ఫార్మర్... స్థూలంగా ఇంతే!

ఇంకో విశేషం. ఈ మైకు ముందు నుంచి, వెనక నుంచి వచ్చే శబ్దాలను సమానంగా పట్టుకుంటుంది. పక్కల నుంచి వచ్చేవాటిని దాదాపు పట్టించుకోదు. కాగితం మీద గీస్తే ఇంగ్లిష్ 8 అంకెలా ఉంటుంది కాబట్టి దీన్ని ‘ఫిగర్ ఎయిట్’ అంటారు. ఈ గుణం తెలిసి వాడుకుంటే వరం, తెలియకపోతే తలనొప్పి.

ఖరీదు గోల కొత్తది కాదు

రిబ్బన్ మైకు పుట్టిల్లు జర్మనీ. 1920ల్లో వాల్టర్ షాట్కీ, ఎర్విన్ గెర్లాహ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని రూపొందించారు. 1930ల మొదట్లో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థలో హ్యారీ ఓల్సన్ దీన్ని స్టూడియోలకు పనికొచ్చేలా తీర్చిదిద్దారు. ఆర్‌సీఏ 44 అక్కడి రేడియోలను, సినిమా స్టూడియోలను ఏలింది. బ్రిటన్‌లోని బీబీసీకి మాత్రం ఆ మైకుల ధర తలకు మించిన భారమైంది. దాంతో మార్కోనీ సంస్థతో కలిసి 1934లో తక్కువ ఖర్చుతో ‘టైప్ ఎ’ పేరుతో సొంత రిబ్బన్ మైకును తయారుచేయించుకుంది. అంటే అందుబాటు ధరలో రిబ్బన్ మైకు కోసం వెతుకులాట ఇప్పటిది కాదు... తొంభై ఏళ్ల నాటిది!

ఆ తర్వాత కండెన్సర్ మైకుల జోరు పెరిగి రిబ్బన్ వెనకబడింది. అయినా కనుమరుగు కాలేదు. 1971లో విడుదలైన లెడ్ జెపెలిన్ నాలుగో ఆల్బమ్‌లో ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ పాట ఉంది. అందులో డ్రమ్స్ మోత రాక్ సంగీతంలో ఓ గుర్తుగా నిలిచిపోయింది. దాన్ని రికార్డు చేసింది స్టూడియోలో కాదు, ఇంగ్లండ్‌లోని ఓ పాత ఇంట్లో. డ్రమ్స్‌ను మెట్ల దగ్గర హాల్లో పెట్టి, పైన రెండు బేయర్‌డైనమిక్ ఎం160 రిబ్బన్ మైకులు వేలాడదీశారు. అంతే!

కంప్యూటర్ రికార్డింగ్ వచ్చాక రిబ్బన్‌కు మళ్లీ మంచిరోజులొచ్చాయి. టేపు కాస్తో కూస్తో మెత్తబరిచిన పదును, డిజిటల్‌లో ఉన్నదున్నట్టు వినపడసాగింది మరి. 1998లో అమెరికా సంస్థ రోయర్ ల్యాబ్స్ తెచ్చిన ఆర్-121 పెద్ద మోతకు కూడా తట్టుకునే రిబ్బన్ మైకుగా పేరు తెచ్చుకుంది. దాని ధర పదమూడు వందల డాలర్ల పైమాటే. అందరివల్లా అయ్యే పని కాదు. 2000ల్లో చైనా ఫ్యాక్టరీలు రంగంలోకి దిగడంతో పరిస్థితి మారింది. ఎంఎక్స్ఎల్ ఆర్144, జర్మనీ దుకాణం టోమన్ అమ్మే టి.బోన్ ఆర్‌బీ 500, గోల్డెన్ ఏజ్ ప్రాజెక్ట్ ఆర్1 లాంటివి నూరు నుంచి మూడు వందల డాలర్ల మధ్యలోనే వచ్చేశాయి. విదేశం నుంచి తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ సుంకం, పన్ను అదనం. ఆ లెక్క ముందే వేసుకోవాలి.

చవకలో కోత ఎక్కడ?

అల్యూమినియం రేకు ఖరీదు చాలా తక్కువ. నియోడైమియం అయస్కాంతాలూ ఇప్పుడు చవకే. మరి ధరలో పది రెట్ల తేడా ఎందుకు? కోత పడేది ముఖ్యంగా రెండుచోట్ల. మొదటిది ట్రాన్స్‌ఫార్మర్. అది నాసిరకమైతే కింది స్వరాలు పేలవంగా, పై స్వరాలు దుప్పటి కప్పినట్టు వినిపిస్తాయి. చుట్టుపక్కల కరెంటు తీగల ‘గుం’ శబ్దాన్నీ లాగేస్తుంది. రెండోది పనితనం. రేకును సరిగ్గా మధ్యలో, సరైన బిగువుతో అమర్చడం ఓపికగా చేతితో చేయాల్సిన పని. తొందరలో చేస్తే ఒకే మోడల్ మైకులు రెండు రెండు రకాలుగా పలుకుతాయి.

ఇందులోనే ఓ లాభమూ ఉంది. చాలా రిబ్బన్ మైకుల్లో రేకు పాడైతే మార్పించుకోవచ్చు. కొన్ని చవక మోడళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి, స్వీడన్‌కు చెందిన లుండాల్ లాంటి పేరున్న సంస్థల ట్రాన్స్‌ఫార్మర్ వేయించుకుంటారు. చవక మైకు ఒక్కసారిగా పై తరగతికి చేరుతుంది.

ఏనుగును కొని అంకుశం మరిస్తే...

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మైకు మీద డబ్బంతా పెట్టేస్తారు. తీరా కంప్యూటర్‌కు తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్‌కు దాని సన్నటి సిగ్నల్‌ను పెంచే శక్తి ఉండదు. రిబ్బన్ మైకు ఇచ్చే సిగ్నల్ మామూలు కండెన్సర్ మైకు ఇచ్చేదాంట్లో సుమారు పదో వంతు. వీణ లాంటి మెత్తటి వాద్యానికి 60 నుంచి 70 డెసిబెల్స్ గెయిన్ కావాలి. చాలా ఇంటర్‌ఫేస్‌లు 50, 60 దగ్గరే ఆగిపోతాయి. నాబ్ పూర్తిగా తిప్పితే సంగీతంతో పాటు ‘స్‌స్‌’ మనే రొద కూడా వస్తుంది.

దీనికి క్లౌడ్‌లిఫ్టర్, ఫెట్‌హెడ్ లాంటి చిన్న బూస్టర్లున్నాయి. మైకుకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్యన పెడితే 20, 25 డెసిబెల్స్ వరకూ పెంచుతాయి. అందుకే బడ్జెట్ వేసేటప్పుడు మైకు ధర ఒక్కటే కాదు... మైకు, బూస్టర్, మంచి కేబుల్, గట్టి స్టాండు నాలుగూ కలిపి లెక్కేయాలి. ఆ మొత్తం చేతికందకపోతే ఆగడమే మంచిది.

ఏ వాద్యానికి ఎలా?

నాదస్వరం, ట్రంపెట్, సాక్సోఫోన్ పెద్దగా పలుకుతాయి. కాబట్టి బూస్టర్ లేకున్నా చవక రిబ్బన్‌తో పనైపోతుంది. మైకును మూడు నాలుగడుగుల దూరంలో, గాలి నేరుగా తగలకుండా కాస్త పక్కకు పెడితే చాలు. వయొలిన్‌కు రెండు మూడడుగుల దూరం బాగుంటుంది. మరీ దగ్గర పెడితే కింది స్వరాలు ఉబ్బిపోయి గుమ్మటంలోంచి వచ్చినట్టుంటుంది. వీణకు బూస్టర్ తప్పనిసరి. వేణువుకైతే ఊదే గాలి రేకుకు తగలకూడదు. మృదంగానికి మరీ దగ్గర పెట్టడం ప్రమాదం, గట్టి గాలి తాకిడికి రేకు సాగిపోవచ్చు.

వయొలిన్, మృదంగం ఒకే గదిలో వాయిస్తున్నారా? రిబ్బన్ ముఖం వయొలిన్ వైపు పెట్టి, మృదంగం సరిగ్గా మైకు పక్కకు వచ్చేలా కూర్చోబెట్టండి. మృదంగం మోత ఆ మైకులో బాగా తగ్గిపోతుంది. అయితే మైకు వీపు వైపున్న గోడ శబ్దం కూడా లోపలికొస్తుందని మరవొద్దు. అక్కడో మందపాటి బొంత వేలాడదీస్తే సరి!

తిరిగి చూసి కొనండి

చవక మైకు చేతికి రాగానే ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. మైకు ముందు నిలబడి అంకెలు లెక్కపెడుతూ దాని చుట్టూ నెమ్మదిగా తిరగండి. ముందూ వెనకా దాదాపు ఒకే స్థాయిలో వినపడాలి. రెండు పక్కలా మాట బాగా సన్నగిల్లాలి. ఒక పక్క తగ్గి రెండో పక్క తగ్గకపోతే రేకు కుదురుగా లేదని అనుమానించాలి. స్టాండును మెల్లగా వంచినప్పుడు బరబరమంటే రేకు అయస్కాంతానికి రాసుకుంటోందన్నమాట. ‘గుం’మనే శబ్దం ఉందేమో కూడా చూడండి. తేడా ఉంటే వాపసు ఇవ్వగలిగే చోటే కొనడం అన్నిటికన్నా ముఖ్యం.

48 వోల్టుల గండం

కండెన్సర్ మైకులకు ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ‘ఫాంటమ్ పవర్’ అందుతుంది. మామూలు రిబ్బన్‌కు అది అక్కర్లేదు. కేబుల్ సరిగా ఉంటే సాధారణంగా ఏమీ కాదు. కానీ లోపల తీగ తెగినా, తారుమారైనా ఆ కరెంటు తాకిడికి రేకు సాగిపోవచ్చు, తెగిపోవచ్చు. అందుకే 48వి బటన్ ఆపి, ఓ నిమిషం ఆగి, ఆ తర్వాతే మైకు తగిలించాలి. ‘యాక్టివ్ రిబ్బన్’ రకానికీ, పైన చెప్పిన బూస్టర్లకూ మాత్రం ఫాంటమ్ కావాలి. ఆ బూస్టర్లు కరెంటును తామే వాడుకుని, రిబ్బన్ దాకా పోనీయవు.

‘హలో... మైక్ టెస్టింగ్’ అంటూ రిబ్బన్ మైకులోకి ఊదకూడదు. ఫ్యాను కింద పెట్టొద్దు. పని అయ్యాక గుడ్డ సంచి కప్పి, నిలువుగా నిలబెట్టి దాచాలి. పడుకోబెడితే రేకు మెల్లగా కిందికి జారే ప్రమాదం ఉంది. ఇనుపరజను ఉన్నచోట అసలే వద్దు, అయస్కాంతం దాన్ని లోపలికి లాగేసుకుంటుంది.

ఇంతకీ అందరికీ రిబ్బన్ కావాలా? అక్కర్లేదు. కొనేముందు ఓ పైసా ఖర్చులేని ప్రయోగం చేయండి. ఇప్పుడున్న మైకునే రెండడుగులు వెనక్కి, కొంచెం పక్కకు జరపండి. గదిలో నాలుగు దుప్పట్లు వేలాడదీసి మళ్లీ రికార్డు చేయండి. దాంతోనే తృప్తి కలిగితే ఆ డబ్బు వయొలిన్‌కు కొత్త తీగలకో, మేష్టారి ఫీజుకో పనికొస్తుంది. అప్పటికీ ఆ గీరుడు పోకపోతే... అప్పుడు రిబ్బన్ వైపు చూడొచ్చు.

కొన్న తర్వాత చివరి పరీక్ష ఏ మీటరుతోనో కాదు. పాప వాయించింది రికార్డు చేసి నాయనమ్మకు వినిపించండి. కళ్లు చెమర్చాయా... మైకు పాసైనట్టే!