పెద్దల పద్దులు

నారాయణగూడలోనో చిక్కడపల్లిలోనో ఒక సామాన్య గృహస్థు బ్యాంకునకు పోయి ఖాతా తెరవదలచినచో, అచటి ఉద్యోగి అతనిని పెక్కు ప్రశ్నలు అడుగును. పేరేమి, నివాసమెక్కడ, వృత్తి యేమి, ఆధార్ కార్డు ఏది, పాన్ కార్డు ఉన్నదా, ఫోటో తెచ్చినారా? గృహస్థు కొంచెము విసుగుకొనినను అన్నిటికిని సమాధానము చెప్పి సంతకము చేయును. చిన్నవానికే ఇన్ని ప్రశ్నలుండగా, రాజ్యాధికారము చేతనున్న పెద్దవాడు వచ్చినపుడు ఏమి జరుగవలెను? లోకములో సాధారణముగా జరుగునది మనకు తెలియును. పెద్దవానికి కుర్చీ వేయుదురు; కాఫీ తెప్పింతురు; కాగితములు తామే పూర్తిచేసి సంతకము పెట్టవలసిన చోటు మాత్రము చూపుదురు. కాని పెద్దవానిని సామాన్యునికంటె ఎక్కువగా ప్రశ్నింపవలెనని నేటి అంతర్జాతీయ నియమములు శాసించుచున్నవి. అట్లు శాసించుటకు కారణమేమో, ఆ నియమములు ఏ తీరున పనిచేయునో ఈ ప్రసంగమున వివరింపదలచినాము.

ఈ నియమమునకు మూలమైన సత్యము మన పల్లెవాసులకు సుపరిచితమే. కంచె చేను మేసిన కాపాడువారెవరు? సామాన్యుడు తన సంతకముతో తన సొమ్మునే కదలింపగలడు. మంత్రియో, సేనాధిపతియో, ప్రభుత్వ సంస్థకు అధ్యక్షుడో అయినచో తన సంతకముతో ప్రజల సొమ్మును కదలింపగలడు. సంతకము ఒకరిది, సొమ్ము వేరొకరిది అయినపుడు, నడుమ నిలిచి అడుగువాడు ఒకడుండవలెను. లేనిచో ఎంత చిక్కు కలుగునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు.

నారాయణగూడకు కూతవేటు దూరముననే కింగుకోఠీ యున్నది. అది ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ నివసించిన భవనము. 1948 సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించినది. ఐదారు దినములలో ఆ చర్య ముగిసినది. సరిగా ఆ రోజులలోనే, లండను నగరమున వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో నున్న హైదరాబాదు సొమ్ము 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు ఒక ఖాతానుండి వేరొక ఖాతాకు మారెను. మార్పించినవారు నిజాము ప్రభుత్వమున ఆర్థిక మంత్రిగా నుండిన మొయిన్ నవాజ్ జంగు. పుచ్చుకొన్నవారు లండనులోని పాకిస్తాన్ హైకమిషనరు హబీబ్ ఇబ్రహీం రహీంతుల్లా. సొమ్ము చేరినది సెప్టెంబరు 20వ తేదీన. అప్పటికి హైదరాబాదున ఆ మంత్రివర్గమే లేదు. కొలది దినములకే నిజాము, ఈ బదిలీ తన అనుమతి లేకయే జరిగినదనియు, సొమ్ము తిరిగి ఈయవలెననియు బ్యాంకును కోరిరి. ఖాతా ఎవరి పేర నున్నదో వారి అంగీకారము లేనిదే ఈయజాలమని బ్యాంకు బదులు చెప్పెను.

1954లో నిజాము ఇంగ్లండులో వ్యాజ్యము వేసిరి. అన్యదేశ ప్రభుత్వమును దాని సమ్మతి లేక విచారణకు లాగరాదను సూత్రము అడ్డురాగా, 1957లో ప్రభువుల సభ ఆ వ్యాజ్యమును నిలిపివేసెను. సొమ్ము అటు పాకిస్తానునకును చేరలేదు, ఇటు హైదరాబాదునకును రాలేదు, బ్యాంకులోనే చిక్కుకొనిపోయినది. నిజాము 1967లో కాలధర్మము నొందిరి. 2013లో పాకిస్తాన్ ప్రభుత్వము తానే ఆ ధనమునకై మరల న్యాయస్థానమున కెక్కుటతో వెనుకటి అడ్డు తొలగినది. తుదకు 2019 అక్టోబరు 2వ తేదీన లండను హైకోర్టు న్యాయమూర్తి మార్కస్ స్మిత్ తీర్పు చెప్పిరి. ఆ ధనమునకు అసలు హక్కుదారు ఏడవ నిజామేయనియు, ఆయన తరపున హక్కు కోరుచున్న భారత ప్రభుత్వమునకును, ఆయన మనుమలిరువురకును అది చెందవలెననియు ఆ తీర్పు సారము. ఆనాటికి ఆ పది లక్షల పౌండ్లు వడ్డీతో పెరిగి సుమారు 3 కోట్ల 50 లక్షల పౌండ్లయినవి. నడుమ గడచిన కాలము 71 సంవత్సరములు.

ఇది ఆస్తి హక్కును గూర్చిన వ్యాజ్యమే గాని నేరవిచారణ కాదు. బ్యాంకు సైతము నాటి కట్టుబాటు ప్రకారమే నడచుకొన్నది. అయినను మన విషయమునకు దీనికంటె మంచి పాఠము దొరకదు. న్యాయస్థానములు ఇన్ని సంవత్సరములు విచారించినవి ప్రధానముగా మూడు ప్రశ్నలు: ఈ సొమ్ము ఎవరిది? పంపినవానికి అధికారమెవరిచ్చిరి? పుచ్చుకొన్నవాడు ఎవరి కొరకు పుచ్చుకొనెను? ఈ మూడు ప్రశ్నలను సొమ్ము కదలకముందే అడిగి, జవాబులను కాగితముపై నుంచవలెనని నేటి నియమముల సారాంశము. ద్వారమువద్ద ఒక పూటలో అడుగవలసినదానిని అడుగకున్నచో, తరువాత రెండు తరములవారు అడుగవలసి వచ్చును.

సదుద్దేశమో దురుద్దేశమో తేలని వ్యవహారమే ఇంత కాలము పట్టినచో, అధికారమును అడ్డము పెట్టుకొని దేశధనమును దోచిన సందర్భముల మాట చెప్పనేల? ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ 1986 ఫిబ్రవరిలో పదవీచ్యుతుడయ్యెను. మరుసటి నెలలోనే స్విస్ ప్రభుత్వము అతని ఖాతాలను స్తంభింపజేసినను, 68 కోట్ల డాలర్లకు పైబడిన ఆ ధనము ఫిలిప్పీన్స్ చేరుటకు 2004 వరకు పట్టినది. 1993 నుండి 1998 వరకు నైజీరియాను సైనిక నియంతగా పాలించిన అబాచా విదేశీ బ్యాంకులలో దాచిన ధనమును రాబట్టుటకును ఏండ్లు పట్టినవి. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లున్న ఈ స్థితిని చూచి ప్రపంచ దేశములు మేల్కొన్నవి.

మనీలాండరింగును, అనగా నేరము వలన వచ్చిన సొమ్మును సక్రమమైన సొమ్ముగా చూపించు పనిని, అరికట్టుటకై 1989లో ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్ అను అంతర్జాతీయ సంస్థ ఏర్పడినది. ఉన్నత పదవులలోని విదేశీయుల ఖాతాలను ప్రత్యేకముగా పరిశీలింపవలెనని ఆ సంస్థ 2003లో నిర్దేశించెను. 2012లో ఆ నియమమును స్వదేశపు పెద్దలకును విస్తరింపజేసెను. భారతదేశము 2010లో ఆ సంస్థలో సభ్యత్వము పొందినది. ఐక్యరాజ్యసమితి అవినీతి నిరోధక ఒడంబడికను 2011లో ధ్రువీకరించినది. మన మనీలాండరింగ్ నిరోధక చట్టము 2002 నాటిది. అమలులోనికి వచ్చినది 2005 జూలై 1వ తేదీన.

రిజర్వు బ్యాంకు ఆదేశముల ప్రకారము ఇట్టి పెద్దలు ఖాతా తెరవవచ్చినపుడు బ్యాంకు చేయవలసిన పనులు ముఖ్యముగా నాలుగు. వచ్చినవారు ఎవరో, వారి పదవి యేదో ముందుగా నిర్ధారించుకొనవలెను. సొమ్ము ఏ మార్గమున వచ్చినదో అడిగి తెలిసికొనవలెను. ఖాతా తెరచుటకు అనుమతిని కౌంటరువద్దనున్న ఉద్యోగి గాక పై అధికారి ఈయవలెను. ఖాతా తెరచిన తరువాతను లావాదేవీలను నిరంతరము కనిపెట్టియుండవలెను. పాత ఖాతాదారుడు తరువాతి కాలమున పదవిలోనికి వచ్చినను, ఆ ఖాతాను కొనసాగించుటకు పై అధికారి అనుమతి కావలెను. అనుమానాస్పదముగా తోచిన వ్యవహారములను ఢిల్లీలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌నకు తెలుపవలెను.

ఈ పరిశీలన పదవిలోనున్నవానితో ఆగదు. అతని కుటుంబమునకును, సన్నిహితులకును వర్తించును. ఇది అన్యాయముగా కొందరికి తోచవచ్చును. కాని బినామీ అను మాట ఎరుగని తెలుగువారుండరు గదా! తన పేర కొనుటకు జంకువాడు బావమరది పేరనో, నమ్మిన గుమాస్తా పేరనో కొనును. 1988లో వచ్చి, 2016లో కఠినతరమైన బినామీ చట్టము ఇట్టి కొనుగోళ్లను బయటపడిన పిమ్మట శిక్షించును. బ్యాంకు నియమము అట్టి సొమ్మును లోనికి వచ్చునపుడే పట్టుకొనుటకు యత్నించును.

మన ఏర్పాటులో ఒక వెలితి కలదు. రిజర్వు బ్యాంకు నిర్వచనము అన్యదేశములలో ఉన్నత పదవులు నిర్వహించువారికే పరిమితమైనది. అనగా పరదేశపు మంత్రి మన బ్యాంకునకు వచ్చినచో ప్రత్యేక పరిశీలన తప్పనిసరి. మన శాసనసభ్యునికి ఆ పేరిట తప్పనిసరి కాదు. ఆ అంతర్జాతీయ సంస్థ 2024లో ప్రకటించిన నివేదికలో మన దేశము నలుబది సూచనలలో ముప్పదియేడింటిని పూర్తిగానో అధిక భాగముననో పాటించినదని మెచ్చుకొనుచునే, ఈ సూచనను పాక్షికముగా మాత్రమే పాటించినదని పేర్కొన్నది.

స్వదేశపు పెద్దలకు మన దేశమున వేరు కట్టుబాట్లు లేకపోలేదు. సుప్రీంకోర్టు 2002లో ఇచ్చిన తీర్పు ననుసరించి ఎన్నికల అభ్యర్థులు తమ ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రమున తెలుపుచున్నారు. 2018 నాటి తీర్పుతో ఆదాయము వచ్చు మార్గములను సైతము తెలుపవలసి వచ్చినది. ప్రభుత్వోద్యోగులు తమ ప్రవర్తనా నియమముల ప్రకారము ఆస్తి వివరములు సమర్పింపవలెను. ఆదాయమునకు మించిన ఆస్తి కలిగియుండుట 1988 నాటి అవినీతి నిరోధక చట్టము క్రింద నేరము. అయితే ఇవన్నియు పెద్దవాడు తానై చెప్పుకొను లెక్కలు, లేదా తప్పు జరిగిన పిమ్మట పట్టుకొను ఉపాయములు. సొమ్ము కదలు క్షణమున అడుగగలిగినది బ్యాంకు ఒక్కటియే. కావున ఈ వెలితిని పూరించుట అవసరమని మా అభిప్రాయము.

ఈ ప్రశ్నలు గౌరవభంగకరములని కొందరందురు. ఈ జాబితాలో చేరుట నేరారోపణ కాదని, ఇది ముందుజాగ్రత్త మాత్రమేనని ఆ అంతర్జాతీయ సంస్థయే స్పష్టము చేసినది. పెద్దవాడన్న కారణముచేతనే ఖాతా నిరాకరించుట ఈ నియమముల ఉద్దేశము కాదు. వానిచే లాభము పొందువారిలో మొదటివాడు నిజాయితీపరుడైన అధికారియే. పదేండ్ల తరువాత ఎవరైన వేలెత్తి చూపినపుడు, సొమ్ము వచ్చిన నాడే జవాబు చెప్పి వ్రాయించిన కాగితము అతనికి కవచమగును. నిజాము సొమ్ము విషయమున అట్టి కాగితమొకటి స్పష్టముగా నుండినచో, మూడు పక్షములవారికిని అంత ప్రయాస తప్పియుండెడిది.

నేడు అశోక్‌నగరు వీధులలో వేలకొలది యువతీయువకులు గ్రూపు పరీక్షలకును, సివిల్ సర్వీసులకును చదువుచున్నారు. చిక్కడపల్లి గ్రంథాలయమున ప్రొద్దుటినుండి చోటుకొరకు వేచియుందురు. కాచిగూడ స్టేషనులో పెట్టె బేడాతో దిగి ఈ పేటలలో గది అద్దెకు తీసికొన్న వీరిలో కొందరు రేపు ఖజానాలపై సంతకము చేయువారు కాగలరు. మరికొందరు బ్యాంకు ఉద్యోగులై ఆ సంతకములను పరిశీలించువారు కాగలరు. మొదటివారు ప్రశ్నకు కోపింపకుండ జవాబు చెప్పుటయు, రెండవవారు పదవికి వెరవకుండ ప్రశ్న అడుగుటయు అలవరచుకొన్ననాడు, ప్రజాధనమునకు వారిద్దరును చేరి కట్టిన కంచె గట్టిపడును. ఆ గృహస్థు తన పన్నుగా చెల్లించిన రూపాయి ఆ కంచె లోపలనే యున్నది.