పథకం ఫలితం లెక్కించడం ఎలా? మలావి మొక్కజొన్న చెప్పే పాఠం

వ్యవసాయ పథకంలో ఎన్ని బస్తాలు పంచారో చూడటం పర్యవేక్షణ. దానివల్ల రైతుకు అదనంగా ఎంత దక్కిందో తేల్చడం మూల్యాంకనం. రెండూ వేర్వేరు.

ఆఫ్రికాలోని మలావి ప్రజల ప్రధాన ఆహారం మొక్కజొన్న. 2005లో వర్షాభావంతో ఆ దేశంలో దిగుబడి సుమారు 12 లక్షల టన్నులకు పడిపోయింది. అప్పుడు ప్రభుత్వం చిన్న రైతులకు కూపన్లపై సబ్సిడీ ఎరువు, విత్తనం ఇచ్చింది. అధికారిక లెక్కల ప్రకారం 2006లో దిగుబడి రెట్టింపు దాటింది.

అయితే ఆ సీజన్‌లో వానలూ బాగా కురిశాయి. అందుకే పెరిగినదంతా ఎరువు వల్లే అనలేం. పైగా కూపన్ అందినవారిలో కొందరు ఎలాగూ సొంత డబ్బుతో ఎరువు కొనేవారే. వారి పొలంలో అదనంగా బస్తా పడినట్టు కాదు. ఈ రెండూ మినహాయించాకే పథకం వల్ల కలిగిన అసలు మేలు తెలుస్తుంది.

మీకు కొత్త విత్తనం లేదా మందు ఇచ్చినప్పుడు కూడా ఇలాగే చూడండి:

• విత్తే ముందే గత పంటల దిగుబడి, ఖర్చు రాసిపెట్టుకోండి.
• అదే పొలంలో, అదే నేలలో కొంత భాగం పాత పద్ధతిలోనే సాగు చేయండి.
• కోతప్పుడు రెండు భాగాల్లోనూ 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల చోట పంట కోసి, ఆరబెట్టి తూకం వేయండి. బాగున్న చోటే ఏరుకోవద్దు.
• అదనపు రాబడిలోంచి అదనపు ఖర్చు తీసేయండి.

ఒక ఏడాది ఫలితం వానను బట్టి మారవచ్చు. కనీసం రెండు సీజన్లు చూడండి. అప్పు చేసి పొలమంతా వేసే ముందు ఈ లెక్క మీ చేతిలో ఉండాలి.