గేదె అడ్డొచ్చి కారు ముందు భాగం నుజ్జైందా?.. తక్కువ ఖర్చులో బాగు చేయించాలంటే ముందు ఇవి చూడండి!

రాత్రి పూట హైవే.. ఎదుటి బండి లైట్లు కళ్లలో పడుతున్నాయి. అంతలో డివైడర్ మీద నుంచి ఓ గేదె రోడ్డు మీదికి వచ్చేసింది. బ్రేక్ వేసేలోపే ఢీ! లోపలున్న వాళ్లకు ఏమీ కాలేదు. కానీ బంపర్ విరిగింది, బానెట్ ముడుచుకుంది, ఒక హెడ్‌లైట్ పోయింది. కారేమో పదేళ్ల పాతది. ఇన్సూరెన్స్ ఉందా అంటే ఉంది, థర్డ్ పార్టీ మాత్రమే. అంటే సొంత కారు రిపేర్‌కు రూపాయి కూడా రాదు. మరి ఇప్పుడెలా?

ముందు హజార్డ్ లైట్లు వేసి కారును పక్కకు తీయండి. పశువు ప్రాణాలతో ఉంటే 1962కి ఫోన్ చేస్తే పశు వైద్య అంబులెన్స్ సాయం అడగొచ్చు. జాతీయ రహదారి అయితే 1033 కూడా ఉంది. ఢీకొన్నది దుప్పి లాంటి అడవి జంతువైతే ముట్టుకోకుండా అటవీ శాఖకు చెప్పాలి.

ఇప్పుడు కారు సంగతి. స్టార్ట్ అయింది కదా అని అలాగే నడుపుకుంటూ వచ్చేస్తారు చాలామంది. ఇక్కడే చిన్న ఖర్చు పెద్దదవుతుంది. బంపర్ వెనకే ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్ ఉంటాయి. కింద రంగు నీళ్లు కారుతుంటే అది కూలెంట్. ఆ స్థితిలో పది కిలోమీటర్లు నడిపినా ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోవచ్చు. టోయింగ్ డబ్బులు మిగిలాయనుకుంటే ఇంజిన్ పని మీద పడుతుందన్నమాట! వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు. బానెట్ లాక్ పడకపోతే తాడుతో గట్టిగా కట్టాకే కదలండి, లేదంటే గాలికి లేచి అద్దానికి కొడుతుంది.

చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు అన్నీ ఒకేసారి చేయించాల్సిన పనిలేదు. రేడియేటర్, హెడ్‌లైట్, బానెట్ లాక్ ముందు. స్టీరింగ్ ఒక పక్కకు లాగుతున్నా, ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలుగుతూనే ఉన్నా అక్కడ బేరం వద్దు. సొట్టలు, రంగు తర్వాత చూసుకోవచ్చు. అయితే రంగు లేచిపోయి రేకు బయటపడితే ప్రైమర్ అయినా కొట్టించండి, వానాకాలంలో తుప్పు ఊరికే పట్టేస్తుంది. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి దానికి ఆ భయం లేదు.. నెలో, రెండు నెలలో ఆగినా పర్లేదు.

విరిగిన బంపర్‌ను ప్లాస్టిక్ వెల్డింగ్‌తో అతికించే వాళ్లున్నారు. హెడ్‌లైట్ అద్దం బాగానే ఉండి, బిగించే చెవులు మాత్రమే విరిగితే అవీ అతుకుతాయి. బానెట్, ఫెండర్ బోల్టులతో బిగించేవే. విజయవాడ, హైదరాబాద్ ఆటోనగర్లలో గానీ, మీ ఊళ్లో పాత సామాను అమ్మే షాపుల్లో గానీ అదే మోడల్, అదే రంగు సెకండ్ హ్యాండ్ పీస్ దొరికితే టింకరింగ్, పెయింటింగ్ రెండూ తప్పుతాయి. రంగు కాస్త తేడా వచ్చినా పాత కారుకు ఏం కొంపలు మునగవు!

టింకరింగ్‌కే వెళ్తే ఒక్క జాగ్రత్త. సొట్ట సరిగా లాగకుండా లప్పం మందంగా పూసేస్తే కొన్నాళ్లకు పగిలి రాలుతుంది. రంగు వేయకముందే వెళ్లి చూడండి. రేకు మీద చిన్న అయస్కాంతం పెడితే తెలిసిపోతుంది, లప్పం ఎక్కువున్న చోట అది అంటుకోదు. రెండు మూడు షెడ్లలో రేటు అడిగి, ఏ పనికి ఎంతో విడివిడిగా రాయించుకోండి.

కాంప్రహెన్సివ్ పాలసీ ఉన్నవాళ్లకు జంతువు ఢీకొన్నా క్లెయిమ్ వస్తుంది. కానీ తొందరపడొద్దు.. లెక్క వేసుకోండి. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంపై 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంటుంది. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నా, మళ్లీ 20 శాతం నుంచి మొదలు. జీరో డెప్ లేకపోతే ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. ఉదాహరణకు ఆ ప్రీమియం 8 వేలైతే బోనస్ పోయినందుకు వచ్చే ఏడాదే 4 వేలు అదనం. 5 వేల పనికి క్లెయిమ్ దండగ, 40 వేల పనికి మాత్రం తప్పదు. క్లెయిమ్ చేయాలనుకుంటే సర్వేయర్ చూసేదాకా బోల్టు కూడా విప్పించకండి.